ఎముక మీద ముడి

దర్జీ కుడిచెయ్యి సోమవారం పదకొండు గంటలకు విరిగింది. విరగ్గొట్టినవాడు పరాయివాడేమీ కాదు, అతని భార్యకు తోడబుట్టిన అన్నే.

ఆ అన్నకు బజారు చివర మాంసం కొట్టు ఉంది. బజారంతా అతన్ని పెద్దన్న అంటుంది. మనిషి గుమ్మం తలకు తగిలేంత ఎత్తు, కోపం ముక్కు మీద. తగాదా వస్తే ముందు చెయ్యి లేస్తుంది, మాట తీరిగ్గా వెనక వస్తుంది. బయటి ఆడవాళ్ళ మీద మాత్రం ఇంతవరకూ చెయ్యెత్తలేదు. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఇంకో గొప్ప కూడా ఉంది. ఎముక చేతికిస్తే ఆ మేక ఎప్పుడు దెబ్బ తిన్నదో చెప్పగలడు. విరిగి అతుక్కున్న ఎముక మీద చిన్న ముడి మిగులుతుందని, పాత ముడి నున్నగానూ కొత్తది గరుగ్గానూ ఉంటుందని, కొట్టుకు వచ్చినవాళ్ళ వేలు పట్టి మరీ తడిమించేవాడు.

ఆ పొద్దున పెద్దాసుపత్రిలో డాక్టరు అతని చెల్లెలి ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూశాడు. వెన్నెముకలో రెండు పూసలు నలిగి ఒకదానిలోకి ఒకటి దిగిపోయాయి. నాలుగు నెలలుగా నడుం నొప్పి, రెండు నెలలుగా పుట్టింట్లో, అంటే ఈ అన్న దగ్గరే, విశ్రాంతి, పోయిన వారం నుంచి కాళ్ళలో బలం లేదు. డాక్టరు ఆమెను అడిగాడు. "ఎప్పుడైనా కిందపడ్డావా అమ్మా? దెబ్బ ఏమైనా తగిలిందా?"

లేదంది చెల్లెలు. డాక్టరు ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఇది రాచపుండు కావచ్చు, క్రిమి కావచ్చు, పాత దెబ్బా కావచ్చు, ఒక్కోదానికి ఒక్కో మందు, సూదితో లోపలి ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ తేలదు, తేలేలోగా కాళ్ళు పూర్తిగా పడిపోయే ప్రమాదం ఉంది అన్నాడు. పెద్దన్న చెవిలో దెబ్బ అన్న ఒక్క మాటే పడింది. మిగిలింది వినకుండానే మెట్లు దిగాడు.

దర్జీ బక్కపల్చటి మనిషి. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, బల్లమీద ఎవరిదో పెళ్ళికోటు గుడ్డ. బావగారు గుమ్మంలో కనబడగానే కత్తెర పక్కన పెట్టి, రండి కూర్చోండి అంటూ లేచాడు. పెద్దన్న కూర్చోలేదు. అతని మణికట్టు పట్టి లాగి బల్ల అంచున ఆనించాడు. రెండో చేత్తో బొగ్గుల ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. మొదటి దెబ్బకు దర్జీ నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. రెండో దెబ్బకు ఎముక చప్పుడు పెద్దన్నకు స్పష్టంగా వినబడింది. ఆ చప్పుడు అతనికి రోజూ తెలిసిందే. మూత ఊడి నిప్పులు కోటుగుడ్డ మీద పడ్డాయి, గుడ్డ కాలిన వాసన కొట్టంతా నిండింది.

"నా చెల్లెలి నడుం విరగ్గొట్టిన చెయ్యి ఇదేగా" అన్నాడు పెద్దన్న.

"నేను తనని ముట్టుకోలేదు బావగారూ. ఎన్నడూ ముట్టుకోలేదు."

ఆ మాటకు మూడో దెబ్బ పడింది. జాకెట్టు కొలత కోసం వచ్చి కూర్చున్న ముసలావిడ గోడకు అతుక్కుపోయి చూస్తోంది. పెద్దన్న ఇస్త్రీపెట్టెను తిరిగి దాని చోట పెట్టి, మూత సరిచేసి, బయట కుండీ దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. న్యాయం చేసినవాడి నడక అది.

సాయంత్రానికి సంగతి వార్డుకు చేరింది. దర్జీ అదే ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నాడు. ఎలా విరిగిందని అడిగితే పైనుంచి గుడ్డల అర ఊడి పడిందని రాయించాడట. చెల్లెలు గోడవైపు తిరిగి ఏడుస్తోంది. తిరగడానికి కూడా ఆమెకు ఒకరి సాయం కావాలి. ఆ సాయం చేస్తున్నది పెద్దన్న భార్య. రెండు నెలలుగా ఆడపడుచుకు అన్నీ ఆమే. లేపడం, కూర్చోబెట్టడం, దుప్పటి మార్చడం అన్నీ కుడిచేత్తోనే చేసేది. ఎడమచెయ్యి ఎప్పుడూ పక్కకు అదిమిపెట్టుకుని ఉంచేది. అది ఆమె అలవాటనుకునేవాళ్ళు చూసినవాళ్ళు.

"ఆయన నన్ను కొట్టలేదన్నయ్యా" అంది చెల్లెలు.

"కొట్టకుండానే వెన్నెముక దానంతటది విరిగిందా?"

"ఏమో. కొట్టలేదు మాత్రం నిజం."

"నువ్వు అలాగే అంటావు. మొగుడి దగ్గర తన్నులు తిన్న ఆడది ఎవరైనా అడిగితే ఏమంటుందో నాకు తెలియదా."

చెల్లెలు అతని మొహంలోకి చూసింది. "నీకెలా తెలుసన్నయ్యా?"

మంచం అవతల పెద్దన్న భార్య మడతపెడుతున్న దుప్పటిని విప్పి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టింది.

మంగళవారం పొద్దున డాక్టరు తాళంచెవి మొనతో చెల్లెలి అరికాలు గీశాడు. కాలి బొటనవేలు ఎత్తమన్నాడు. సోమవారం ఎత్తిన వేలు ఆ రోజు కదల్లేదు. ఇక ఆలస్యం చెయ్యలేమని వెంటనే సూది గదికి తీసుకెళ్ళారు. బోర్లా పడుకోబెట్టి, వీపులోనుంచి జానెడు పొడుగు సూదిని పూసలదాకా దింపారు. తలుపు బయట పెద్దన్నకు చెల్లెలి కేకలు వినబడ్డాయి. ఆ కేకలన్నీ దర్జీ ఖాతాలో వేశాడు.

నర్సు రెండు సీసాలు తెచ్చి అతని చేతికిచ్చింది. పనివాళ్ళు సరిపోక, నమూనాలను రోగి తాలూకు మనుషులే మోసుకెళ్ళడం అక్కడ రివాజు. ఘాటు వాసన మందులో వేసిన ముక్క మేడమీద సూక్ష్మదర్శిని గదికి, ఉప్పునీళ్ళలో వేసినది కింద మెషిను గదికి, తొందరగా ఇచ్చెయ్యండి అని చెప్పి ఆమె లోపలికి పరిగెత్తింది. మేడమీద గది తెరిచే ఉంది గానీ వరసలో పది మంది ఉన్నారు. మెషిను గది కిటికీ భోజనాల వేళని మూశారు. పెద్దన్న వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన భార్య. రేకుల కింద వేడి సెగ కొడుతోంది.

అతను సీసాలను ఎత్తి చూశాడు. ఒక దాంట్లో ముక్క తెల్లబడి గట్టిగా ఉంది. రెండోదాంట్లో బియ్యపుగింజంత ముక్క, కొంచెం చీము, ఉత్త నీళ్ళు. ఇరవై ఏళ్ళు మాంసం అమ్మినవాడికి ఒకరు చెప్పాలా? ఈ ఎండలో ఉప్పునీళ్ళలో మాంసం గంటలో వాసన కొడుతుంది. నర్సు మందు పొయ్యడం మరిచిపోయిందనుకున్నాడు, లేదా మందు దాచుకుందనుకున్నాడు. రెండు మూతలూ తీసి, ఘాటు మందులో సగం రెండోదాంట్లోకి జాగ్రత్తగా వంచాడు. చుక్క కింద పడలేదు.

"ఒకసారి అడిగి పోస్తే బాగుంటుందేమోనండీ" అంది భార్య.

మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు, అటూ ఇటూ కూర్చున్నవాళ్ళకు తెలియకుండా. ఆమె ఊపిరి బిగపట్టి, కాసేపటికి మెల్లగా వదిలింది. భోజనాల వేళ అయ్యాక సీసాలను ఎవరివి వారికి ఇచ్చి, చెల్లెలికి తానొక మేలు చేశానన్న తృప్తితో అతను ఇంటికి వెళ్ళాడు.

బుధవారం ఫలితం కోసం వెళితే మెషిను గది కిటికీలో చీటీ బదులు అతని సీసాయే ఉంది. దాని మీద ఎర్రగీత. లోపల యాభై ఏళ్ళావిడ, మందపాటి కళ్ళద్దాలు, చేతికి తొడుగులు. దీన్ని మెషిన్లో పెట్టలేను, ఇందులో ఫార్మలిన్, ఆ ఘాటు మందు, కలిసింది, మూత తీయగానే వాసన కొట్టింది, మళ్ళీ సూదేసి కొత్త ముక్క తియ్యాలి అని చెప్పింది.

మళ్ళీ సూది అన్న మాట పూర్తికాకముందే పెద్దన్న పిడికిలి కిటికీ అద్దంలోనుంచి దూసుకెళ్ళింది. గాజుపెంకులు ఆమె ముందున్న కాగితాల మీద పడ్డాయి. అడ్డం వచ్చిన ఆసుపత్రి జవానును రొమ్ము మీద తన్ని బెంచీల మీదికి విసిరాడు. వాడి ముందుపన్ను ఊడి నేల మీద దొర్లింది. వరసలో నిలబడ్డ జనం పరిగెత్తారు. పెద్దన్న మోచేతిదాకా నెత్తురు కారుతూ, నా చెల్లెలు చస్తోందే, మీకు సీసాలతో ఆటలా అని అరిచాడు. లోపలావిడ కుర్చీలోంచి లేవలేదు. ఒక్కొక్క గాజుపెంకు ఏరి డబ్బాలో వేసి, అతను ఊపిరి తీసుకునే దాకా ఆగింది.

"మీరు ఏం పని చేస్తారు?"

"మాంసం కొట్టు."

"అయితే మీకు త్వరగా అర్థమవుతుంది. లోపల టీబీ క్రిమి ఉంటే ఆ ముక్కలో దాని ఆనవాలు ఉంటుంది. ఊపిరితిత్తుల్లో అయితే కఫంలో లక్షల కొద్దీ ఉంటాయి, ఎముకలో దాక్కుంటే కాసినే ఉంటాయి. మెషిను ఆ కాసింటినీ వెతికి పట్టుకుంటుంది. ఈ మందు మాంసాన్ని కుళ్ళనివ్వదు, నిజమే. కానీ ఆ ఆనవాలును కూడా చెడగొడుతుంది. ఎవరో పాపం మంచి చేస్తున్నామనుకునే పోసి ఉంటారు. ఎవరు పోశారు?"

పెద్దన్న తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఈలోగా డాక్టరు వచ్చాడు, నిన్నటి నర్సును పిలిపించాడు. ఆ పిల్ల ఏడుపు గొంతుతో, వేరువేరుగానే ఇచ్చాను సార్ అని మూడుసార్లు చెప్పింది. డాక్టరు వినిపించుకోలేదు. నీ అజాగ్రత్తకు ఆమె కాళ్ళు పోతే ఎవరిది పూచీ, పై అధికారికి రాస్తాను అన్నాడు. పెద్దన్న గోడ మీద అంటించిన కాగితాలేవో చదువుతున్నట్టు నిలబడ్డాడు. వాటిలో ఒక్క అక్షరం అతని బుర్రకెక్కలేదు.

"సిస్టరు తప్పేం లేదండీ" అంది పెద్దన్న భార్య వెనకనుంచి. "మందు మేమే పోశాం. ఎండకు పాడవుతుందేమోనని."

మేమే అంది, ఈయనే అనలేదు. అయినా అందరి చూపూ పెద్దన్న మీదికే తిరిగింది. డాక్టరు ఏదో అనబోయి, కారుతున్న అతని చెయ్యి చూసి, ముందు దానికి కుట్లు వేయించుకోమన్నాడు. పోలీసులకు చెప్పాలా అని జవాను అడిగితే, పూసలు విరిగిన ఆ అమ్మాయిని చూసి ఊరుకుందాం అన్నాడు. మధ్యాహ్నం చెల్లెలిని మళ్ళీ సూది గదికి తీసుకెళ్ళారు. ఈసారి ఆమె కేకలు ఎవరి ఖాతాలో వెయ్యాలో పెద్దన్నకు తోచలేదు. ఆ సీసాను మెషిను గది ఆవిడే స్వయంగా వచ్చి పట్టుకెళ్ళింది.

సాయంత్రం ఇంటికొచ్చాక తలుపు గొళ్ళెం పడిన చప్పుడుకే అతని భార్య ఎడమచెయ్యి పక్కటెముకల మీదికి వెళ్ళింది. నలుగురిలో పరువు తీశావు అన్నాడు అతను. కుట్లు వేసిన చేత్తోనే కొట్టాడు. అది నొప్పెడితే కాలితో తన్నాడు. ఆమె అరవలేదు. అరిస్తే ఇంకా ఎక్కువవుతుందని పదహారేళ్ళలో నేర్చుకుంది. గోడ మూలకు చేరి మోకాళ్ళు మడుచుకుని, కడుపూ పక్కలూ కాచుకుని, అయిపోయేదాకా ఉంది. అయిపోయాక లేచి, అతని కుట్లు రెండు తెగి నెత్తురు కారుతుంటే పాతగుడ్డ చింపి కట్టు కట్టింది. అతను చెయ్యి చాపి కట్టించుకున్నాడు. ఈ కథ చెబుతున్న నేను ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూశాను గానీ, ఆ కట్టు కట్టించుకోవడం దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది.

గురువారం మధ్యాహ్నం చీటీ వచ్చింది. మెషిను గది ఆవిడ దాన్ని పట్టుకుని వార్డుదాకా వచ్చింది. క్రిమి ఉంది, టీబీయే, మామూలు మందులకు లొంగే రకమే, ఆ సంగతి కూడా మెషినే చెప్పింది అంది. మేడమీద ముక్కల పరీక్ష తేలడానికి ఇంకో వారం పడుతుందట. దానికోసం ఆగక్కర్లేదని డాక్టరు ఆ గంటలోనే మాత్రలు రాసి మొదటి మోతాదు దగ్గరుండి మింగించాడు. కాళ్ళలో ఇంకా కొంచెం కదలిక ఉంది కాబట్టి, నడుముకు పట్టీ వేసుకుని ఏడాది పాటు మాత్రలు మానకుండా వాడితే నడుస్తుంది అన్నాడు. ఇంకో పది రోజులు గడిచుంటే ఆ మాట ఇవ్వలేకపోయేవాడట.

"మరి దెబ్బ?" అన్నాడు పెద్దన్న.

"దెబ్బేం లేదు. క్రిమి లోపలినుంచి ఎముకను తినేసింది. పూస గుల్లయిపోయి దానంతటదే కూలింది."

"ఎవరూ కొట్టకుండానా?"

"ఎవరూ కొట్టకుండానే."

మంచం కాళ్ళవైపు దర్జీ నిలబడి ఉన్నాడు. మెడకు వేలాడదీసిన పట్టీలో సున్నపుకట్టు చెయ్యి, గుడ్డ కత్తిరించే వేళ్ళు వాచి నల్లబడి ఉన్నాయి. మూడుచోట్ల విరిగింది, కత్తెర మళ్ళీ పట్టగలడో లేదో ఆరు నెలలకు గానీ తెలియదన్నారు. అతను ఎడమచేత్తో భార్య పాదాన్ని పట్టుకుని, వేలు కదుపుతోందా అని చూస్తున్నాడు. ఏదో అనాలని పెద్దన్న పెదవులు కదిలాయి. క్షమించమనడం అతనికి చేతకాదు, జన్మలో చేసిన పని కాదు. పళ్ళేమైనా తెమ్మంటావా అని అడిగాడు చెల్లెల్ని. ఆమె వద్దంది.

"చెప్పాను కదన్నయ్యా" అంది. "నువ్వే నమ్మలేదు."

శనివారం డాక్టరు రోగి ఇంటివాళ్ళందరినీ పిలిచాడు. రోగితో కలిసి ఉన్నవాళ్ళలో ఎవరి ఊపిరితిత్తుల్లోనైనా జబ్బు దాగి ఉందేమో చూడాలి, తలా ఒక ఫిల్ము తియ్యాలన్నాడు. పెద్దన్న, అతని భార్య, దర్జీ ముగ్గురూ వరసగా పలకకు రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టారు. భార్య పూర్తిగా ఊపిరి పీల్చలేకపోయింది. ఫిల్ము తీసే మనిషి రెండుసార్లు విసుక్కున్నాడు. తర్వాత ఫిల్ములు వెలుగుతున్న తెల్లపెట్టె మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి డాక్టరు చూశాడు. పెద్దన్నది శుభ్రం. దర్జీది శుభ్రం. వాళ్ళ ఫిల్ములు వాళ్ళ చేతికిచ్చేశాడు. మూడోదాని దగ్గర ఆగి, ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి జరిగి చూశాడు.

"ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు. తర్వాత పెన్ను మొన ఎడమపక్కన పెట్టి, అదే గొంతుతో, అయిదు రోజుల కిందట పడుకున్న ఆడపడుచును అడిగినట్టే అడిగాడు. "దెబ్బ ఏమైనా తగిలిందా?"

"మెట్ల మీద జారిపడింది" అన్నాడు పెద్దన్న. అడిగింది అతన్ని కాదు.

"ఎన్నిసార్లు?"

పెద్దన్న ఫిల్ము వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ఎముక చూస్తే అతని కళ్ళు ఊరుకోవు. ఎడమపక్క కింది ఎముక మీద నున్నటి ముడి, అది బాగా పాతది. కొత్తకాపురంలో, తాళంచెవి పోగొట్టిందని. దాని పైది కొంచెం గరుకు. అది అద్దె కొట్టును సొంతంగా కొన్న ఏడాది, మేకల బేరం కుదరక ఇంటికొచ్చిన రోజు. కుడిపక్కన ఒకటి, కారణం గుర్తు రాలేదు, ఎంత వెతికినా రాలేదు. ఎడమపక్కనే ఇంకొకటి ఉంది. దాని మీద ముడి ఇంకా పడలేదు, సన్నటి గీత మాత్రమే ఉంది. అది బుధవారానిది. బజారులో ఎంతోమందికి వేలు పట్టి చెప్పిన విద్య, ఇప్పుడు ఎవరూ చెప్పమనకుండానే లోపల గడగడా చెప్పుకుపోతోంది.

"నేనెప్పుడూ జారిపడలేదండీ" అంది అతని భార్య.

ఆమె లేచి వెలుతురు పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఒక్కో ముడి మీదా వేలు పెట్టి, ఇది ఫలానా ఏడు, ఇది ఫలానా నెల అని వరసగా చెప్పింది. కుడిపక్కది ఎందుకో కూడా చెప్పింది. అన్నం మెత్తబడిందట. చివరి గీత దగ్గర, "ఇది మొన్న బుధవారం. సిస్టరు తప్పు లేదన్నందుకు. అన్నీ ఈయనే" అంది. గొంతు పెంచలేదు. డాక్టరు రాసుకోవాలా అని అడిగితే రాసుకోమంది.

పెద్దన్న చెయ్యి లేచింది. అలవాటు ప్రకారం దానంతటదే లేచింది. అది సగం దూరం వచ్చేసరికి మధ్యలో దర్జీ ఉన్నాడు. బక్కమనిషి, ఒంటిచెయ్యి, అయినా సున్నపుకట్టు చేతినే అడ్డం పెట్టి నిలబడ్డాడు. కొడితే మళ్ళీ అదే చెయ్యి విరుగుతుంది. పెద్దన్న చెయ్యి అక్కడే గాలిలో ఆగిపోయి, కాసేపటికి కిందికి దిగింది.

"ఇంకెవరిని కొడతారు బావగారూ" అన్నాడు దర్జీ. నెమ్మదిగానే అన్నాడు.

భార్య పెద్దన్న వైపు తిరిగింది. ఇక ఆడపడుచు మొగుడింటికే వెళ్తుంది, ఆమె లేవలేదు, దర్జీ అన్నయ్యగారికి చెయ్యి లేదు, వాళ్ళింట్లో పొయ్యి వెలిగించే మనిషి లేదు, మాత్రలు వేళకు ఇచ్చే మనిషి లేదు, కాబట్టి ఈ రోజునుంచి తానక్కడే ఉంటానంది. ఎన్నాళ్ళు అని అతను అడగలేదు. అడగకపోయినా ఆమె చెప్పింది.

"ఆమె నడిచేదాకా ఉంటాను. ఆ తర్వాత కూడా మీ ఇంటికి రాను."

నడుముకు కట్టుకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఫిల్మును పెట్టె మీదనుంచి తీసి, మరి ఇది ఎవరికివ్వాలని అడిగాడు. నాదేగా, నాకే ఇవ్వండి అంది. దాన్ని కవరులో పెట్టుకుని చంకకింద జాగ్రత్తగా అదుముకుంది, ఎడమచేత్తోనే. దర్జీ తలుపు తీసి పట్టుకుంటే ఆమె ముందు నడిచింది. వసారాలో ఆ నర్సు ఎదురై ఏదో అడిగింది. ఆమె జవాబు చెబుతున్న గొంతు మెట్ల దాకా వినబడి, ఆగిపోయింది.

పెద్దన్న తన ఫిల్ము పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని ఎత్తి వెలుగుకు పెట్టి చూసుకున్నాడు. అటూ ఇటూ కలిపి ఇరవై నాలుగు పక్కటెముకలు, తెల్లగా, తిన్నగా ఉన్నాయి. వాటిలో ఒక్కటంటే ఒక్కదాని మీద కూడా ముడి లేదు.